రెండు గీతల తెల్లచీర

మల్లక్కను ఒకచోట కూర్చోబెట్టడం ఆ చౌడమ్మ తల్లి వల్ల కూడా కాదని తొగటపేటలో ఒక మాట ఉంది. పెళ్ళి పంక్తిలో విస్తరి ముందు కూర్చుంటుంది, రెండో వడ్డనకల్లా లేచి తానే వడ్డిస్తూ ఉంటుంది. చావింటికి పలకరింపుకు పోతే, ఏడ్చేవాళ్ళను ఏడవనిచ్చి పెరట్లో నీళ్ళు తోడుతూ ఉంటుంది. ఊళ్ళో ఆమెకు బొంగరాలక్క అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, తగిన పేరే పెట్టారు.

నేతపని నిలకడ పని. మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చుంటే, పోగు మోసే నాడె అటూ ఇటూ పోవాలే తప్ప మనిషి కదలకూడదు. అట్లాంటి ఇంట్లో పుట్టి, అట్లాంటి ఇంటికే కోడలై వచ్చి, యాభై రెండేళ్ళు నిండినా కుదురు రాని ఆడమనిషి ఆ పేట మొత్తం మీద ఈమె ఒక్కతే. మొగుడు పెద్దన్న అందుకు పూర్తిగా ఎదురు. ఆయనను మగ్గంలో కూర్చోబెట్టి మరిచిపోయారనుకోండి, పొద్దుగూకేసరికి రెండు మూరలు ఎక్కువ నేసి ఉంటాడే గానీ లేచి రాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నేశాడు, ఆమె తిరిగింది. కండెలు చుట్టడం, నూలు తేవడం, చీరలు మడిచి సంఘానికి చేర్చడం, అన్నీ ఆమె కాళ్ళ మీదే జరిగాయి.

సంఘమంటే తొగటపేట చేనేత సహకార సంఘం. బద్వేలుకు పదహారు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కన నాపరాళ్ళు పరిచిన పొడుగాటి హాలు. నూలిచ్చేది అదే, నేసిన చీర తీసుకునేది అదే. ఒకప్పుడు దాని కింద నూట నలభై మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ముప్పై ఒకటి మిగిలాయి. వాటిలోనూ పని ఉన్నవి పద్నాలుగే. కరోనా పోయింది గానీ, దానితో పాటు పోయిన బేరగాళ్ళు తిరిగి రాలేదు. ఆ మధ్యలో మిల్లు మగ్గాల మీద నేసిన దొంగ నకళ్ళు బద్వేలు అంగళ్ళలో దిగాయి. అదే అంచు, అదే బుటా, పావలా వంతు ధర. సంఘం గోదాములో చీరలు అటక దాకా పేరుకుపోయి, చెదలకు కూడా మొహం మొత్తేట్టు ఉన్నాయి.

సంఘం కార్యదర్శి సాయిప్రసాద్ చదువుకున్నవాడు, మంచివాడు, భయస్తుడు. కడపలో మీటింగులకు పోయి వచ్చినప్పుడల్లా కష్టకాలంలోనే కొత్తగా ఆలోచించాలని అందరికీ చెప్పేవాడు. ఏం ఆలోచించాలో మాత్రం ఆ మీటింగులో చెప్పినట్టు లేదు. ఒకసారి చీరల ఫొటోలు తీసి ఫోన్లో పెట్టాడు. ఒకసారి తగ్గింపు ధర అని బట్టమీద రాయించి గేటుకు కట్టాడు. ఇంకోసారి సంఘం బోర్డుకు నీలం రంగు తీసేసి పచ్చరంగు వేయించాడు. ఆ ఏడాది సంఘంలో జరిగిన మార్పు అదొక్కటే.

మల్లక్కకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పేదాకా ఆగే మనిషీ కాదు. గోదాములోంచి పన్నెండు చీరలు రాయించుకుని, మూట కట్టి నెత్తిన పెట్టుకుని పల్లెల వెంట పడింది. పొద్దున పోయేది, మధ్యాహ్నం దాటి వచ్చేది. మూట ఒక్కొక్కరోజు తేలికయ్యేది, ఒక్కొక్కరోజు అట్లాగే వచ్చేది. అమ్మినా అమ్మకపోయినా పది ఇళ్ళ సంగతులు మాత్రం తప్పకుండా తెచ్చేది. ఎవరు ఏ రంగు అడిగారు, ఎవరు నూలుచీర మానేసి పాలిస్టరు జారుడుచీరల్లోకి పోయారు, ఎందుకు పోయారు, అన్నీ సాయిప్రసాద్‌కు నిలబడే చెప్పేది. అతను తలూపి విని, కడపకు రాసే కాగితంలో అమ్మకాలు లేవని రాసేవాడు.

ఆ మాఘమాసంలో సంఘం అధ్యక్షుడు ఆంజనేయ అందరినీ పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. ఏప్రిల్ మొదటి సోమవారం పాలకవర్గం కూర్చుంటుంది. అప్పటికి మగ్గాలకు పని దొరికితే సరి, లేకపోతే సంఘం మూసి, హాలును విత్తనాల గోదాముకు ఇచ్చేస్తారు. ఎవరి మగ్గం వాళ్ళు విప్పుకుని పోవాల్సిందే. ఆయన కోపంగా చెప్పలేదు. తన తండ్రి కట్టించిన హాలు అది, చెబుతున్నంతసేపూ నేల రాళ్ళ వైపే చూశాడు.

ఆ మాట విని ఊరంతా దిగులు పడి కూర్చుంటే, మల్లక్క కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. ఆమె భయం సంఘం ఒక్కదాని గురించే కాదు. కొడుకు ఓబులేష్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. మగ్గం ఆగిపోతే నాయనకు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని సిద్ధంగా ఉందని రెండుసార్లు కబురు పెట్టాడు. వాడు మంచికే చెప్పాడు. కానీ నూలు దుమ్ముకే దగ్గి దగ్గి వంగిపోయే మనిషి సిమెంటు దుమ్ములో ఎన్నాళ్ళు కూర్చుంటాడు? పెద్దన్న మాత్రం పోతే పోదాంలే అన్నాడు. ఆయనకు యాడ కూర్చోబెట్టినా ఒకటే అన్నట్టు మాట్లాడతాడు, అదే ఆమెకు ఒళ్ళు మండే సంగతి.

ఆ వారంలోనే ఆమె మూటతో కృపాపురం పోయింది. అది బద్వేలు దాటాక వచ్చే క్రైస్తవుల పల్లె. తెల్లదొరల కాలంలో కట్టిన రాతి చర్చి, దాని చుట్టూ అరవై ఇళ్ళు, ఇంటికి ఎకరమో రెండెకరాలో మెట్ట. అక్కడ స్త్రీల సమాజానికి రత్నమణి అధ్యక్షురాలు. పొద్దుతిరుగుడు చేలో ఎండకు ఎండిన మనిషి, నోరు నెమ్మది, కళ్ళు చురుకు. మల్లక్క పోయేసరికి ఆమె పెరట్లో తెల్లచీర ఆరేస్తూ ఉంది. మొగుడు పక్కనే గొడ్డుకు మేత వేస్తున్నాడు.

మొగుడు బతికుండగా తెల్లచీర ఏమిటని మల్లక్క నోట్లోంచి మాట జారిపోయింది. రత్నమణి నవ్వింది. ఆరాధనకు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి, ముఖ్యంగా సిలువ దినమైన శుభశుక్రవారానికి తమ ఆడవాళ్ళందరూ తెల్లచీరే కడతారని, అది తమకు దేవుని ముందు నిలబడే బట్ట అని చెప్పింది. బాధల్లా ఆ బట్టతోనే. ఏప్రిల్ ఎండలో పన్నెండు గంటల నుంచి మూడు గంటల దాకా ఆరాధన. అంగట్లో దొరికేది జారుడుచీర, చెమటకు ఒంటికి అతుక్కుని ఊపిరాడనివ్వదు.

“పోయినేడు ఇద్దరు సొమ్మసిల్లి పడిపోయినారక్కా,” అంది రత్నమణి. “మంచి నూలులో, కొంగు నిండుగా ఉండే తెల్లచీర యాడా దొరకదు. అడిగితే పాడె మింద కప్పే పల్చని గుడ్డ చూపిస్తాండారు.”

మల్లక్క ఆ రోజు బస్సు కోసం ఆగలేదు. ఆగితే ఆలోచన చల్లారిపోతుందేమోనని భయపడ్డట్టు, మూట నెత్తిన పెట్టుకుని సగం దారి నడిచేసింది. తెల్లచీరకు రంగు అద్దకం ఖర్చు లేదు, జరీ అక్కర్లేదు. మిల్లువాడు నకలు కొట్టడానికి అందులో ఏముంది? బద్వేలు చుట్టూ ఎన్ని చర్చిలు, ఒక్కొక్క చర్చిలో ఎందరు ఆడవాళ్ళు! ఇన్నాళ్ళుగా తాము నేసిన రంగురంగుల చీరలు మోసుకుని ఆ ఇళ్ళ ముందు నుంచే పోయింది. వాళ్ళకేం కావాలో ఒక్కరూ ఒక్కసారీ అడగలేదు.

సంఘంలో ఈ మాట చెబితే నిప్పుల మీద నీళ్ళు పోసినట్టయింది. తొగటపేటలో తెల్లచీర నేయరు. నేయకూడదని ఎక్కడా రాసి లేదు, కానీ నేయరు. ఏ పడుగు ఎక్కించినా, ప్రతి చీర కొంగులో పసుపులో ముంచిన రెండు పేటల దారం ఒకటి అడ్డంగా నేసి గానీ ముందుకు పోరు. రంగుచీరలో ఆ దారం ఎవరికీ కనబడదు. అది చౌడమ్మ తల్లికి చెప్పుకునే మొక్కు, ఇంటి ఆడదాని పసుపుకుంకుమలకు కాపలా. ఆ పేటలో దారం లేని మగ్గం లేదు.

“మగ్గం మింద తెల్లచీర ఎక్కితే, ఆ ఇంటి ఆడమనిషి కట్టాల్సిన దినం వస్తాదంటారు మల్లక్కా,” అన్నాడు ఆంజనేయ. “నా నోటితో నేను నేయమని చెప్పలేను.”

“మగ్గం మింద ఏమీ ఎక్కకపోతే ఆ ఇంటి ఆడమనిషి ఏం కట్టాలప్పా?” అని అడిగింది మల్లక్క.

సాయిప్రసాద్ గొంతు సవరించుకుని, ఇదే కొత్త ఆలోచన అని కడపలో అంటారని చెప్పబోయాడు గానీ, ఆంజనేయ చూపుకు ఆగిపోయాడు. చివరికి పని ఉన్న పద్నాలుగు మగ్గాలవాళ్ళు, మగ్గానికి మూడు చీరల చొప్పున నేయడానికి ఒప్పుకున్నారు. ఇష్టపడి ఒప్పుకోలేదు. వేరే దారి లేక ఒప్పుకున్నారు, అంతే.

నలభై రెండు చీరలకు కృపాపురం స్త్రీల సమాజం ఒప్పందం చేసుకుంది. అక్కడి చర్చి పెద్ద యేసుప్రసాద్ ఒకటే షరతు పెట్టాడు. ఆయన రిటైరైన బడిపంతులు, తెల్లచొక్కా, మెత్తని మాట. మీ ఆచారం మీది, మాది మాది, మా చీరలకు పసుపు, కుంకుమ, టెంకాయ నీళ్ళు ఏవీ తగలకూడదు అన్నాడు. అందరి తరఫునా మల్లక్క మాట ఇచ్చింది. తొగటపేటకు వచ్చి పద్నాలుగు ఇళ్ళూ తిరిగి, దారం వేయొద్దని ఒక్కొక్కరి చేతా ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

పెద్దన్న మగ్గం మీదికి తెల్ల పడుగు ఎక్కింది. అంతవరకూ అందరికీ ధైర్యం చెప్పిన మల్లక్క, ఆ తెల్లదనం ఇంట్లోకి వచ్చిన రోజు మాత్రం మగ్గం వైపు చూడలేకపోయింది. పక్కింట్లోంచి వస్తే మొదట ఆయన దగ్గు వినిపిస్తుందా లేదా అని చెవి పెట్టేది. నూలు చుడుతూ చుడుతూ లేచి వచ్చి చూసేది. ఆమె వాలకం చూసి పెద్దన్న నవ్వాడు.

“పిచ్చిదానా, బట్ట నేస్తే మనిషి సస్తాడా?” అన్నాడు. “ఊరందరికీ నువ్వే చెప్తివి గదా.”

చెప్పింది నిజమే. ఊరికి చెప్పడానికి నోరుంటే చాలు, తన మొగుణ్ణి తెల్ల పడుగు ముందు చూడటానికి గుండె కావాలి. రెండో రోజు పెద్దన్న టీ తాగడానికి కొట్టు దాకా పోయాడు. మల్లక్క పసుపు నీళ్ళలో ఒక దారం ముంచి, పిండి, మీగడ రంగు మాత్రమే మిగిలేట్టు ఆరబెట్టి అప్పటికే కొంగున దాచుకుని ఉంది. గుంతలోకి దిగింది. కొంగు అంచుకు జానెడు పైన ఆ దారాన్ని ఒక్కసారి అడ్డంగా వేసి, పోగును బిగించే పలకతో బలంగా కొట్టి, లేచి వచ్చేసింది. గంజి పెట్టిన తెల్లబట్టలో అది వేలితో తడిమినా దొరకదు. ఒక్క పోగు, నలభై రెండింటిలో ఒక ఇంటి చీరలు, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. మిగతా రెండు చీరలకూ అదే చేసింది. ఆయన టీకి పోకపోతే తానే పంపింది.

చీరలు మార్చి నెల మధ్యలో కృపాపురం చేరాయి. రత్నమణి ఒక చీర విప్పి భుజాన వేసుకుని, చల్లగా ఉందక్కా అంది. ఆ ఒక్కమాటకు మల్లక్క గాల్లో తేలుతూ ఇల్లు చేరింది. ఇంకో రెండు చర్చిల పేర్లు కూడా అప్పుడే అడిగి తెచ్చుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దన్న ఎగతాళి చేశాడు.

నాలుగో రోజు పొద్దున రత్నమణి ఫోన్ చేసింది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి, ఆ రోజు మరీ నిదానంగా మాట్లాడింది. కొత్త చీరల గంజి పోవాలని ఆడవాళ్ళందరూ కలిసి చర్చి బావి దగ్గర సబ్బు పెట్టి ఉతికారట.

“చీరల మింద కుంకుమ గీతలు లేచినాయక్కా. వచ్చి చూడు,” అని పెట్టేసింది.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తొగటపేటలో చంటిపిల్లకు కూడా తెలుసు. అంత తెలిసిన మల్లక్కకు ఆ చీరలను ఎప్పుడో ఒకరోజు ఉతుకుతారన్న సంగతే తట్టలేదు. బస్సులో ఆమె కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడే లెక్క వేసుకుంది. తన ఇంటివి మూడు. ఆ మూడూ వెనక్కి తీసుకుని, వేరే మూడు ఇచ్చి, కాళ్ళు పట్టుకుంటే సరిపోతుందేమో. మిగతా ముప్పై తొమ్మిదీ నిలిస్తే సంఘం నిలుస్తుంది.

చర్చి ప్రహరీ పొడవునా నాపరాతి కంబాలకు తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటి మీద నలభై రెండు తెల్లచీరలు ఆరుతున్నాయి. ప్రతి చీర కొంగు మీదా అడ్డంగా ఒక ఎర్ర గీత.

మల్లక్కకు మొదట అర్థం కాలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. అంచు ముళ్ళను బట్టి ఏ చీర ఏ ఇంటిదో పోలుస్తూ మళ్ళీ నడిచింది. ఆంజనేయ ఇంటి చీరల మీద గీత ఉంది. ఒట్టు పెట్టించుకోవడానికి పోతే, ఇలాంటి మూఢనమ్మకాలు తనకు లేవని చెప్పి పంపినవాడి చీరల మీద అందరికంటే లావు గీత ఉంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ, ఒకరికి తెలియకుండా ఒకరు, తన ఒక్కరిదే కదా ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, తేలుకుట్టిన దొంగల్లా నోరు మూసుకుని ఉన్నారు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు తన ఇంటి మూడు చీరలు కనబడ్డాయి. వాటి అంచుకు ఆమె కట్టిన ముడి ఆమెకు తెలుసు. ఆ మూడింటి మీద మాత్రం రెండేసి గీతలున్నాయి. ఒకటి జానెడు పైన, తాను వేసింది. ఇంకోటి దానికి నాలుగు వేళ్ళ పైన, మెత్తగా, వంకర లేకుండా, నలభై ఏళ్ళు నేసిన చెయ్యి వేసింది. బట్ట నేస్తే మనిషి సస్తాడా అని తనను ఎగతాళి చేసిన మనిషి వేసింది. మల్లక్క ఆ తడికొంగు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

యేసుప్రసాద్ చర్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఏమమ్మా, మా చీరలకు పూజ చేసి ఇచ్చినారా?” అని అడిగాడు.

అద్దకం తప్పని చెప్పవచ్చు. నూలులో దోషమని చెప్పవచ్చు. నేతగాళ్ళు నా మాట వినలేదని పద్నాలుగు ఇళ్ళ మీదికీ తోసేయవచ్చు, అది అబద్ధమూ కాదు. మల్లక్క నోరు ఎప్పుడూ మాటకు తడుముకోలేదు. ఆ రోజు తడుముకుంది.

“పూజ కాదయ్యా, భయం,” అంది. “తెల్లబట్ట నేస్తే ఇంట్లో ఏమైనా అయితాదని మాకు భయం. మీకు మాట ఇచ్చింది నేను. అందరికంటే ముందు దారం వేసిందీ నేనే. ఆ రెండు గీతలవి మా ఇంటివి.”

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. యేసుప్రసాద్ చీరలు తీసుకుపొమ్మన్నాడు. శుభశుక్రవారానికి ఎర్ర గీతల చీరలు తమ ఆడవాళ్ళు కట్టలేరని, ఇందులో కోపం ఏమీ లేదని చెప్పాడు. కోపం లేదన్న మాటే ఆమెకు ఎక్కువగా గుచ్చుకుంది.

“రెండెండలు ఇయ్యండయ్యా,” అంది మల్లక్క. “పసుపు ఎండకు నిలవదు. దారాలు నేనే లాగేస్తా. రెండెండల తర్వాత కూడా మరక కనిపిస్తే, మూట కట్టుకుని నేనే పోతా.”

ఆయన రత్నమణి వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి ఒక సూది, ఒక కత్తెర తెచ్చి అరుగు మీద పెట్టింది.

ఆ రోజు తొగటపేటవాళ్ళు ఎవరైనా అటు వచ్చి ఉంటే కళ్ళు నమ్మేవాళ్ళు కాదు. మల్లక్క కూర్చుంది. తడిబట్టలో పోగు లాగడం తొందరపడే పని కాదు. తొందరపడితే పోగు తెగుతుంది, పక్క పోగులు చెదురుతాయి. అంచు దగ్గర సూదితో కొస పైకి తీసి, వెంట్రుక వెంట్రుకగా లాగాలి. నాలుగు చీరలయ్యేసరికి కాళ్ళు లేచిపోదామన్నాయి. ఆమె లేవలేదు. ఏడో చీర దగ్గర రత్నమణి వచ్చి పక్కన కూర్చుని ఎనిమిదోది ఒళ్ళోకి తీసుకుంది. ఆమె వెనక కృపారాణి అనే నర్సమ్మ వచ్చింది, తర్వాత ఇంకో పదిమంది. మల్లక్క ఎట్లా లాగాలో చూపించింది. దారాలు తీసిన చీరలను మంచినీళ్ళలో జాడించి నాపరాళ్ళ మీద పరిచారు. రాయి కింది నుంచి, పొద్దు పైనుంచి కాల్చింది. మూడు గంటలప్పుడు యేసుప్రసాద్ తానే వచ్చి ఎండ తగలని చీరలను తిరగేసి పరిచాడు. ఎవరూ ఆయనను రమ్మని చెప్పలేదు.

సాయంత్రం బస్సుకు ఆమె ఇల్లు చేరేసరికి పెద్దన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అప్పటికే ఊరికంతా సంగతి తెలిసి, ఎవరి గడప లోపలికి వాళ్ళు దూరి కూర్చున్నారు. మల్లక్క కొంగు ముడి విప్పి, ఎర్రబడిన దారాలు రెండు తీసి ఆయన ముందు పెట్టింది. ఒకటి నాది, ఒకటి ఎవరిది అని అడిగింది.

పెద్దన్న దారాల వైపు చూడలేదు. వీధి వైపు చూస్తూ చెప్పాడు.

“నేను పోతే ఇంట్లో నీకు కాలు నిలవదు. యాడికని తిరుగుతావు?”

ఆమెకు ఇంకేమీ అడగాలనిపించలేదు. పక్కన కూర్చుంది, ఒక్క నిమిషం కూర్చుంది, లేచి పొయ్యి వెలిగించింది.

రెండెండలకు పసుపు పోయింది, ఎరుపు పోయింది. గీత మాత్రం పోలేదు. రెండు పేటల దారం ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు, అడ్డంగా సన్నని సందు. కృపారాణి ఒక కొంగు ఎత్తి పొద్దుకు అడ్డంగా పట్టింది. ఆ సందులోంచి వెలుగు దూరి ఆమె మెడ మీద సన్నగా గీతలా పడింది. ఆడవాళ్ళు దగ్గరికి వచ్చి చూశారు. ఇట్లాంటిది అంగట్లో ఎక్కడా లేదని ఒకామె అంది. రత్నమణి రెండు గీతల చీర తనకని పక్కన పెట్టుకుంది. యేసుప్రసాద్ వేలితో ఆ సందు తడిమి చూసి, ఇది ఉండనీ అన్నాడు. మల్లక్క అరుగు మీద నుంచి దిగి, చర్చి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

శుభశుక్రవారం నాడు నలభై రెండు చీరలూ చర్చిలో ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చుట్టాలు వచ్చారు. ఆ ఏడు ఎవరూ సొమ్మసిల్లలేదు. సోమవారం పాలకవర్గం కూర్చునేసరికి బద్వేలు నుంచి రెండు చర్చిలవాళ్ళు, ఎర్రగుంట్ల రైల్వే క్వార్టర్ల నుంచి ఒక స్త్రీల సమాజం సాయిప్రసాద్‌కు ఫోన్ చేసి ఉన్నారు. అడిగినవాళ్ళందరూ రెండు గీతలది కావాలన్నారు. ఆంజనేయ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, విత్తనాలవాళ్ళకు హాలు లేదని చెప్పమన్నాడు. ఆ రోజు ఎవరూ ఎవరి దారం గురించీ ఎత్తలేదు.

అన్ని మగ్గాలకూ మంచిరోజులు వచ్చాయని చెబితే అబద్ధమవుతుంది. ఖాళీగా ఉన్న పదిహేడు మగ్గాలలో అయిదింటికి మళ్ళీ పని దొరికింది. రెండు ఇళ్ళవాళ్ళు అప్పటికే మగ్గం విప్పి పొయ్యిలో పెట్టుకుని ఊరు దాటిపోయారు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు మల్లక్క ఇప్పటికీ తల దించుకుని గబగబా నడుస్తుంది. ఒక నెల ముందు కృపాపురం పోయి ఉంటే అని ఆమెకు ఒకటే పీకులాట.

ఇప్పుడు తొగటపేటలో తెల్లచీరకు రెండు పసుపు దారాలు బహిరంగంగానే వేస్తారు. చీర దిగాక సంఘం హాలులో ఆడవాళ్ళు ఆ దారాలు లాగి, జాడించి, రెండెండలు కాచి, సందుతో చీర పంపుతారు. నేసేవాళ్ళ భయం తీరింది, పసుపు పోయిన చీరే కాబట్టి కట్టేవాళ్ళూ ఒప్పుకున్నారు. లాగేసిన దారాలు ఎవరి మగ్గానికి వాళ్ళు కట్టుకుంటారు. పెద్దన్న ఎర్రగుంట్ల పోలేదు. దగ్గు మాత్రం ఉంది.

ఆషాఢంలో సాయిప్రసాద్ ఆమెను కడపలో ఒక శిక్షణకు తీసుకుపోయాడు. గడ్డుకాలంలో సంఘాలు కొత్తగా ఎట్లా ఆలోచించాలన్నది అక్కడి పాఠం. చల్లటి గదిలో, గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ ఒక పెద్దమనిషి మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. మల్లక్క వెనక గోడ దగ్గర నిలబడే వింది. చివర్లో ఆయన రెండు గీతల చీర పైకెత్తి అందరికీ చూపించి, ఈ ఆలోచన మీకు ఎట్లా వచ్చింది, ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేశారు, అందరికీ పనికొచ్చేట్టు చెప్పమన్నాడు. చేతిలో కలం పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు.

“ఆలోచన యాడిది సార్,” అంది మల్లక్క. “ఆ కింది గీత నాది. పై గీత మా ఇంటాయనది. ఒకరికి తెలీకుండా ఒకరం భయపడినాం.”

ఆయన కలం అట్లాగే ఆగిపోయింది. ఆమె అప్పటికే చీర మడిచి సంచిలో పెట్టుకుని, బద్వేలు బస్సుకు టైమయిందని బయటికి నడిచింది.